జీర్ణోద్ధరణ: కెర్నెల్‌లోని ఫైల్ వ్యవస్థను సరిదిద్దే హక్కు

ఆపరేటింగ్ సిస్టమ్‌లో డిస్కుకూ మనిషికీ నడుమ ఉండేది ఫైల్ వ్యవస్థ. డిస్కుకు తెలిసింది అంకెల వరుసలే. ఒక వరుస పొలం పాసుపుస్తకం నకలనీ, ఇంకొకటి పెళ్లి ఫోటో అనీ, రెండూ ఒకే ఫోల్డర్‌లో ఉన్నాయనీ తేల్చి చెప్పేది ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డైన కెర్నెల్‌లోని ఈ కోడే. 1991లో మొదలైన లైనక్స్ కెర్నెల్‌లో ఇప్పుడు ఇలాంటి ఫైల్ వ్యవస్థలు డజన్ల కొద్దీ ఉన్నాయి. వాటన్నిటి మీదా వీఎఫ్ఎస్ అనే ఉమ్మడి పొర ఒకటి ఉంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ కోడ్‌లో ఒకే పనికి రెండు మూడు దారులు ఏర్పడతాయి. ఎవరూ పిలవని ఫంక్షన్లు మిగిలిపోతాయి. ఒక ఫైల్ వ్యవస్థ నుంచి ఇంకొకటి నకలు చేసుకున్న తప్పులు రెండు చోట్లా నిలిచిపోతాయి. ఇలాంటివాటిని తీసేసి, కలపాల్సినవి కలిపి, ఉన్నదాన్ని వరుసలో పెట్టే పనిని ఆ రంగంలో క్లీనప్ అంటారు.

ఈ పని వల్ల కొత్త సౌకర్యమేదీ రాదు. సవ్యంగా చేస్తే కంప్యూటర్ వాడే మనిషికి ఏ తేడా తెలియదు, చెడగొడితే మాత్రం వెంటనే తెలుస్తుంది. అందుకే ఇది ఇంజనీరింగ్‌తో ముగిసిపోని ప్రశ్నలను లేపుతుంది. నడుస్తున్నదాన్ని కదిలించే హక్కు ఎక్కడి నుంచి వస్తుంది? భాగాలన్నీ మారాక మిగిలింది పాతదేనా? ఫలం కంటికి కనిపించని పనిని ఎందుకు చేయాలి? భారతీయ దర్శనాలు ఈ ప్రశ్నలను బట్టను, రథాన్ని, గుడిని ముందు పెట్టుకుని చాలాకాలం చర్చించాయి. ఆ చర్చకు దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతంతో గట్టి సంబంధమే ఉంది.

ముందు జరిగిన పని ఒకటి చూడాలి. ప్రతి ఫైల్ వ్యవస్థా కెర్నెల్‌కు ఒక పట్టిక అప్పగిస్తుంది. చదవాలంటే ఈ ఫంక్షన్‌ను పిలువు, రాయాలంటే దీన్ని పిలువు అని అందులో ఉంటుంది. 2006 నాటికి ఆ పట్టికలో చదవడానికే మూడు దారులు ఉండేవి: మామూలుగా చదవడానికి ఒకటి, చదివినదాన్ని మెమరీలో చెల్లాచెదురుగా ఉన్న ముక్కల్లోకి ఒకే దెబ్బలో నింపడానికి ఒకటి, పని పూర్తయ్యేదాకా ఆగకుండా అడిగి వదిలేయడానికి ఇంకొకటి. రాయడానికీ అంతే. మూడూ చాలావరకు చేసేది ఒకటే పని. కానీ ప్రతి ఫైల్ వ్యవస్థా మూడింటినీ విడివిడిగా రాసుకోవాల్సి వచ్చేది. ఒకదానిలో దిద్దిన తప్పు మిగతా రెండింటిలో అలాగే ఉండిపోయేది. ఐబీఎంలో పనిచేసిన, తెలుగు ఇంటిపేరున్న బదరి పులవర్తి 2006లో పంపిన ప్యాచ్‌ల (కోడ్ మార్పుల) వరుస ఈ ముడి విప్పింది. దానికి పునాది జాక్ బ్రౌన్ అంతకుముందే వేశాడు, క్రిస్టఫ్ హెల్విగ్ చేయి కూడా అందులో ఉంది. ముక్కల్లోకి చదివే దారి, ముక్కల నుంచి రాసే దారి పట్టికలోంచి పోయాయి. ఆగకుండా అడిగే దారికే ముక్కల వరుసను తీసుకునే శక్తి వచ్చింది. 2006 నవంబరులో విడుదలైన 2.6.19 కెర్నెల్‌లో ఇది చేరింది.

ప్రోగ్రాములు పిలిచే రీడ్‌వీ, రైట్‌వీ అనే సిస్టమ్ కాల్స్ మాత్రం చెక్కుచెదరలేదు. 1980ల బర్కిలీ యూనిక్స్ నుంచి వస్తున్న ఆ మాటలు ఈనాటికీ అదే పని చేస్తాయి. మారింది గడప లోపలి దారి. ఆ దారి కూడా ఎక్కువకాలం నిలవలేదు. 2014లో వీఎఫ్ఎస్ పొరను చూసుకునే ఆల్ వీరో 3.16 కెర్నెల్‌లో ఇంకా సరళమైన దారి తెచ్చాడు. 2015లో వచ్చిన 4.1తో 2006 నాటి పట్టిక గడులు కూడా కనుమరుగయ్యాయి. ఒకరు శుభ్రం చేసి పెట్టినదాన్ని తొమ్మిదేళ్లు తిరగకముందే ఇంకొకరు శుభ్రం చేసి తీసేశారు. ఇందులో ఎవరి ఓటమీ లేదు. 2006లో ఆ దారులు తగ్గకపోయి ఉంటే 2014లో వాటిని మార్చడం ఇంకెంతో కష్టమయ్యేది.

అలా మారుతూ వచ్చిన కెర్నెల్ పాత కెర్నెలేనా? ఈ ప్రశ్నకు భారతదేశంలో అందరికన్నా నిర్మొహమాటంగా జవాబు చెప్పినవాళ్లు న్యాయ వైశేషికులు. బట్ట అంటే పోగుల గుంపు మాత్రమే అని వాళ్లు ఒప్పుకోరు. పోగులు కలిసినప్పుడు వాటిలో బట్ట అనే ఒక కొత్త వస్తువు పుడుతుంది, అది పోగులకన్నా వేరు. అయితే ఒక్క పోగు లాగేసినా ఆ బట్ట నశించినట్టే. కంటికి అదే బట్టలా కనిపించేది నిజానికి మిగిలిన పోగుల్లో అప్పుడే పుట్టిన ఇంకో బట్ట. తర్కం వరకు ఇది గట్టి మాట. మగ్గం దగ్గర మాత్రం ఇది నిలబడదు. వనపర్తి జిల్లా కొత్తకోట చేనేత చీరలకు పేరున్న ఊరు. మగ్గం మీద పడుగు అయిపోవచ్చినప్పుడు నేతగాళ్లు దాన్ని విప్పి మళ్లీ మొదటి నుంచి ఎక్కించరు. పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతుకుతారు. పోగులన్నీ మారతాయి, మగ్గం మీది అమరిక అలాగే ఉంటుంది, నేత సాగుతుంది. ఒక్కో పోగుకూ ఒక్కో కొత్త బట్ట పుట్టిందని లెక్క రాస్తే ఆ ఊళ్లో ఎవరికీ ఆ లెక్క అక్కరకు రాదు. కెర్నెల్‌లోనూ అంతే. ప్రతి ప్యాచ్‌తో ఒక కొత్త కెర్నెల్ పుట్టిందనడం మాటవరసకు నిజమే. అంతమాత్రాన ఏది ఉంచాలో, ఏది తీయవచ్చో తెలియదు.

బౌద్ధులు రెండో కొసన నిలిచారు. మిళిందపన్హలో నాగసేనుడు యవనరాజు మిళిందుడిని అడిగే ప్రశ్న ప్రసిద్ధమే: రథం అంటే చక్రమా, ఇరుసా, నొగలా? ఏదీ కాదు. వాటిని విడిచిపెడితే రథమనేది వేరే ఎక్కడా లేదు. వాటి కూర్పుకు మనుషులు పెట్టుకున్న వ్యవహారమే రథం. దీన్ని ఇంకా లోతుకు తీసుకెళ్లినవాడు ఆచార్య నాగార్జునుడు. నల్లగొండ జిల్లా అంచున కృష్ణా లోయలో ఉన్న నాగార్జునకొండతో ఆయన పేరును ముడివేసింది సంప్రదాయం. శాసనాలు ఆ చోటును ఇక్ష్వాకుల విజయపురిగా చెబుతాయి. మూలమధ్యమకకారికలో నాగార్జునుడి వాదన సారాంశం ఇది: ఏ వస్తువుకూ తనకు తానుగా నిలిచే స్వభావం లేదు, ప్రతిదీ ఇతరాల మీద ఆధారపడి ఉంటుంది. ఇలా అంటే లోకమంతా కూలిపోదా అని అడిగినవారికి ఆయన ఎదురు ప్రశ్నతో జవాబిచ్చాడు. వస్తువులకు మారని స్వభావమే ఉంటే ఏదీ పుట్టలేదు, ఏదీ మారలేదు, ఏ తప్పునూ దిద్దలేము. శూన్యత ఉన్నందువల్లే అన్నీ కుదురుతున్నాయి.

క్లీనప్ చేసేవారికి ఈ మాట సూటిగా తగులుతుంది. చదివే ఫంక్షన్‌కు స్వభావమంటూ ఒకటి ఉంటే దాన్ని ఇంకోదానితో కలపడం సాధ్యమయ్యేది కాదు. ఎవరు దాన్ని పిలుస్తున్నారు, అది ఎవరిని పిలుస్తోంది, పిలిచినవారికి ఏమి తిరిగి వస్తోంది అనే సంబంధాల్లోనే దాని ఉనికి ఉంది. ఆ సంబంధాలను నిలబెట్టి లోపలి శరీరాన్ని మొత్తం మార్చవచ్చు. శరీరాన్ని ముట్టుకోకపోయినా ఒక సంబంధం తెగితే అది పాతది కాకుండా పోతుంది.

ఫైల్ విషయంలో ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. సామాన్యంగా ఫైలంటే దాని పేరు గుర్తొస్తుంది. యూనిక్స్ వంశపు ఫైల్ వ్యవస్థల్లో ఫైల్‌కు పేరే లేదు. దానికి ఐనోడ్ అనే దాఖలా ఉంటుంది. యజమాని ఎవరు, ఎంత పొడవు, ఎప్పుడు మారింది, డిస్కులో ఏ గడుల్లో ఉంది అన్నవి అందులో ఉంటాయి, పేరు మాత్రం ఉండదు. పేరు డైరెక్టరీలో ఉంటుంది, అదీ ఐనోడ్ అంకెను చూపే ఒక పంక్తిగా. ఒకే ఐనోడ్‌కు రెండు పేర్లు ఉండవచ్చు. పేర్లన్నీ తీసేసినా, ఎవరో దాన్ని తెరిచి ఉంచినంతసేపు ఆ ఫైల్ పేరు లేకుండానే బతుకుతుంది. ఒకే డిస్కు లోపల పెద్ద ఫోల్డర్‌ను ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చితే క్షణంలో అయిపోవడానికి కారణం ఇదే. పంక్తి ఒక పట్టికలోంచి తీసి ఇంకోదానిలో రాస్తారు, లోపలి సరుకు కదలదు. 2016 అక్టోబరు 11న తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు కొత్తకోట మహబూబ్‌నగర్ కింద నుంచి వనపర్తి కిందికి వచ్చింది. చిరునామా మారింది, ఊరు ఉన్నచోటే ఉంది. మరి పాత చిరునామాతో రాసిన ఉత్తరం ఎవరికి చేరాలన్న చిక్కు కూడా నిజమైనదే. పేరు మార్చే (రీనేమ్) కోడ్ రాసేవారికి తలనొప్పి తెచ్చే సంగతులన్నీ ఆ చిక్కు లాంటివే.

పేర్ల విషయంలో లైనక్స్ చూపించే సంయమనం ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. మామూలుగా కెర్నెల్ పేరును అక్షరాలుగా చూడదు, బైట్ల వరుసగానే చూస్తుంది. ఏటవాలు గీత (/), సున్నా బైటు తప్ప ఏదైనా పేరులో ఉండవచ్చు. చాలా ఫైల్ వ్యవస్థల్లో పేరు పొడవు 255 బైట్లు దాటకూడదు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు తీసుకుంటుంది. 'కొత్తకోట' అనే పేరులో అచ్చు గుర్తులు, పొల్లు కలిపి 8 సంకేతాలు, అంటే 24 బైట్లు. ఆ లెక్కన తెలుగు పేరుకు 85 సంకేతాలకు మించి చోటు లేదు. ఇంకో చిక్కు ఐత్వానిది. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వం, ఐత్వపు తోక అనే రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెర మీద 'తైలం' రెండు విధాలా ఒకటే. కెర్నెల్‌కు అవి రెండు వేర్వేరు ఫైళ్లు. ఇది చూసిన ఎవరికైనా దిద్దాలనిపిస్తుంది. కానీ దిద్దితే ఇన్నేళ్లుగా పక్కపక్కన ఉన్న రెండు ఫైళ్లలో ఒకటి ఇంకొకదాన్ని మింగేస్తుంది. అందుకే పెద్దచిన్న అక్షరాల తేడా లేకుండా పేర్లను పోల్చే సదుపాయం 2019లో ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ వ్యవస్థకు వచ్చినప్పుడు, దాన్ని కోరి ఎంచుకున్న డైరెక్టరీలకే పరిమితం చేశారు. నామాన్ని నిర్ణయించే అధికారం పేరు పెట్టినవారిది, దాచిపెట్టేవారిది కాదు అన్న వివేకం ఈ నిర్ణయంలో ఉంది.

పేరు ఫైల్ కాకపోతే డిస్కు మీది గుర్తులే ఫైలా? అద్వైతి ఇటువైపు మొగ్గుతాడని అనుకోవచ్చు: మట్టి ఒక్కటే నిజం, కుండలు నామరూపాలు. ఈఎక్స్‌టీ3 కథ దీనికి అడ్డు తగులుతుంది. 2001లో లైనక్స్‌లోకి వచ్చిన ఈ ఫైల్ వ్యవస్థ ఏళ్ల తరబడి లోకంలోని సర్వర్లలో సగటు డిస్కును మోసింది. 2006లో, పైన చెప్పిన అదే 2.6.19లో, దాని కోడ్‌ను నకలు తీసి ఈఎక్స్‌టీ4 మొదలైంది. అది పాత డిస్కులను కూడా చదవగలిగేలా పెరిగింది. 2015లో 4.3 కెర్నెల్‌లో ఈఎక్స్‌టీ3 డ్రైవర్‌ను పూర్తిగా తొలగించారు. వేల పంక్తుల కోడ్ ఒక్క మార్పుతో వెళ్లిపోయింది. ఈఎక్స్‌టీ3 డిస్కు ఉన్న ఏ మనిషికీ ఒక్క ఫైల్ పోలేదు, ఎందుకంటే ఈఎక్స్‌టీ4 వాటిని చదువుతోంది. అది చదవలేనిదై ఉంటే ఏమయ్యేది? డిస్కు మీది గుర్తు ఒక్కటీ చెదరకపోయినా ఫైళ్లన్నీ లేనట్టే అయ్యేవి. మట్టి ఉన్నంత మాత్రాన కుండ లేదు. డిస్కు మీది గుర్తులు, వాటిని చదవగల కోడ్, దానికి దారి చూపే పేరు, ఆ పేరుతో అడిగే మనిషి, ఈ నాలుగూ కలిస్తేనే ఫైల్. ఇక్కడ నాగార్జునుడి ప్రతీత్యసముత్పాదమే, అంటే ప్రతిదీ ఇతరాల మీద ఆధారపడి ఉంటుందన్న మాటే, సరిగ్గా అమరుతుంది. అద్వైతానికి దాని చోటు దానికి ఉంది గానీ, దాచుకున్న సరుకు గురించి అడిగినప్పుడు ఆధారాల వలను చూడక తప్పదు.

ఇక హక్కు సంగతి. ఆగమ శాస్త్రాలు దీన్ని జీర్ణోద్ధరణ అనే శీర్షిక కింద విధివిధానాలతో సహా తేల్చాయి. శిథిలమైన గుడిని బాగుచేయడం పుణ్యకార్యమే, కానీ గునపం వేయడానికి ముందు జరగాల్సింది ఒకటుంది. దేవతా కళను మంత్రపూర్వకంగా కలశంలోకి ఆవాహన చేసి, బాలాలయం కట్టి, అక్కడ పూజ మొదలుపెట్టాలి. ఒక్క రోజు కూడా పూజ ఆగకూడదు. పని ముగిశాక సంప్రోక్షణతో కళను తిరిగి గర్భగుడికి చేర్చాలి. పాత నల్లగొండ జిల్లాలోని యాదగిరిగుట్ట లక్ష్మీనరసింహస్వామి ఆలయాన్ని ఇటీవలి కాలంలో ఈ పద్ధతిలోనే పునర్నిర్మించారు. 2016లో బాలాలయం మొదలైంది. నల్లరాతితో ప్రాకారాలు, మండపాలు, గోపురాలు కొత్తగా లేచాయి. కొండ గుహలోని స్వయంభువును మాత్రం కదిలించలేదు. 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణ జరిపి ప్రధానాలయ దర్శనం తిరిగి తెరిచారు. చుట్టూ దాదాపు అంతా మారింది. గుహ మారలేదు, పూజ ఆగలేదు. అందుకే భక్తుడికి అది అదే గుడి.

కెర్నెల్‌లో గుహకు సాటి వచ్చేది యూజర్ స్పేస్‌కు, అంటే కెర్నెల్ బయట నడిచే ప్రోగ్రాములకు, ఇచ్చిన మాట. వాడుకరి ప్రోగ్రామును చెడగొట్టకూడదన్నది లైనక్స్‌ను మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ గట్టిగా పట్టుబట్టే నియమం. లోపలి ఇంటర్‌ఫేస్‌లకు అలాంటి హామీ ఏమీ లేదు, ఎప్పుడైనా మారతాయని కెర్నెల్‌తో పాటు వచ్చే పత్రాలే తెగేసి చెబుతాయి. బాలాలయానికి సాటి వచ్చేది కూడా ఉంది. ఫైల్ సరుకును మెమరీలో ఉంచే పేజీల స్థానంలో ఫోలియోలు అనే కొత్త ఏర్పాటును మాథ్యూ విల్కాక్స్ తెచ్చాడు. 2022 జనవరిలో విడుదలైన 5.16లో అది మొదలైంది. డజన్ల కొద్దీ ఫైల్ వ్యవస్థలను ఒకేరోజు మార్చడం అయ్యే పని కాదు. అందువల్ల పాత పేజీ ఫంక్షన్ల పేర్లను అలాగే ఉంచి, వాటి లోపలి నుంచి కొత్త ఫోలియో ఫంక్షన్లను పిలిపించే చిన్న కోడ్ ఫైల్ ఒకటి పెట్టారు. ఒక్కో ఫైల్ వ్యవస్థ కొత్త దారికి మారేకొద్దీ ఆ పాత పేర్లు ఒక్కొక్కటే తొలగిపోతాయి. పూజ ఆగకుండా పని సాగించడమంటే కోడ్‌లో ఇలాగే ఉంటుంది.

అన్నివేళలా గుహను వదలడం కుదరదు. కృష్ణా తుంగభద్రల కూడలిలో ఉన్న చాళుక్యుల కాలపు కూడవెల్లి సంగమేశ్వరాలయం శ్రీశైలం జలాశయంలో మునిగే పరిస్థితి వచ్చినప్పుడు దాన్ని రాయి రాయిగా విప్పి అలంపూర్‌లో తిరిగి నిలబెట్టారు. నాగార్జునకొండ శిథిలాలకూ అదే గతి పట్టింది. నాగార్జునసాగర్ జలాశయంలో నీళ్లు నిండకముందే 1950లలో పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికీ అనుపు దగ్గరికీ తరలించారు. యాదగిరిగుట్టలో చోటు నిలిచి రాళ్లు మారాయి, కూడవెల్లిలో రాళ్లు నిలిచి చోటు మారింది. గుడి అంటే రాళ్లా, చోటా అన్న ప్రశ్నకు రెండు ఊళ్లూ రెండు వేర్వేరు జవాబులు ఇస్తున్నాయి. రెండూ చెల్లుతున్నాయి. రెండు చోట్లా చెడకుండా నిలిచింది కొలిచేవారికీ గుడికీ ఉన్న సంబంధం. సంగమం పేరున వెలసిన గుడి సంగమానికి దూరమైన వెలితి మాత్రం దేనితోనూ తీరదు. అలాంటి నష్టాన్ని లేదని చెప్పే క్లీనప్ నిజాయితీగలది కాదు.

ఇచ్చిన మాటను నిలబెట్టుకోవాలనడం తేలిక, ఆ మాట ఏమిటో తెలుసుకోవడం కష్టం. 2009 తొలి నెలల్లో ఇది బయటపడింది. ఈఎక్స్‌టీ3లో మామూలు అమరిక ప్రకారం, ఫైల్‌లో కొత్తగా రాసినది సుమారు ఐదు సెకన్లకోసారి డిస్కుకు చేరేది. అది ఏ ప్రమాణమూ ఇచ్చిన హామీ కాకపోయినా డెస్క్‌టాప్ ప్రోగ్రాములు దీనికి అలవాటుపడ్డాయి. ఈఎక్స్‌టీ4 వేగం కోసం డిస్కులో చోటు కేటాయించడాన్ని వాయిదా వేసేది. ఆ మధ్యలో యంత్రం ఆగిపోతే, అప్పుడే కొత్తగా రాసిన అమరికల ఫైళ్లు సున్నా పొడవుతో మిగిలేవి. అలాంటి హామీ యూనిక్స్ వంశపు వ్యవస్థలు పాటించే పోసిక్స్ ప్రమాణంలో లేదని, ప్రోగ్రాములే సరుకును డిస్కుకు చేర్చమని స్పష్టంగా అడగాలని ఈఎక్స్‌టీ4 బాధ్యత చూసే థియోడర్ త్సో వివరించాడు. ప్రమాణం ప్రకారం ఆయన మాట సరైనదే. అయినా, కొత్త ఫైల్ రాసి పాతదాని పేరు పెట్టే సందర్భంలోనూ, ఉన్న ఫైల్‌ను ఖాళీ చేసి తిరిగి రాసే సందర్భంలోనూ సరుకును ముందే డిస్కుకు పంపే ఏర్పాటు 2.6.30లో చేర్చాడు.

ఆ ఏర్పాటు ధర్మశాస్త్ర పరంగా కూడా సరైనది. తెలుగునాట చాలా కుటుంబాలు అనుసరించే ఆపస్తంబ సూత్రం ధర్మాన్ని ఆచారం నుంచి, పదిమంది ఒప్పుదల నుంచి మొదలుపెడుతుంది. వేదం ప్రమాణమే. దానితోపాటు ధర్మం తెలిసినవారి సమ్మతి కూడా ప్రమాణమే. గ్రంథం చివరన, చెప్పకుండా మిగిలిన ధర్మాలను స్త్రీల నుంచీ అన్ని వర్ణాల వారి నుంచీ తెలుసుకోవాలని కొందరి మతంగా చెబుతుంది. రాసిన ప్రమాణం ఎక్కడ ఆగిపోతుందో, అక్కడ వాడుకలో ఉన్నవారి నడవడికే ప్రమాణమవుతుంది. ఫైల్ వ్యవస్థ రాసేవారికి శ్రుతి పోసిక్స్ అయితే, ఆచారం లక్షల ప్రోగ్రాముల అలవాటు. అలవాటు తప్పుదైనా దాన్ని నమ్ముకున్నవాడి సరుకు తప్పు కాదు.

తీసేయక తప్పని సందర్భాలూ ఉంటాయి. 2001లో లైనక్స్‌లోకి వచ్చిన రైజర్‌ఎఫ్ఎస్ అనే ఫైల్ వ్యవస్థకు కాలక్రమంలో కొత్తగా దిద్దేవారు కరువయ్యారు. ఉమ్మడి పొరలో ఏ మార్పు చేయాలన్నా దాన్ని కూడా లాక్కురావలసి వచ్చేది. 2022లో 5.18 కెర్నెల్ దాన్ని తొలగిస్తామని ప్రకటించింది. అప్పటి నుంచి దాన్ని వాడబోయినవారికి హెచ్చరిక కనిపించేది. 2025 జనవరిలో వచ్చిన 6.13లో కోడ్ వెళ్లిపోయింది. దాదాపు మూడేళ్ల గడువు, పాత కెర్నెల్‌తో డిస్కు తెరిచి సరుకు బయటికి తీసుకునే వీలు, ఈ రెండూ లేకుండా అదే పని చేసి ఉంటే దాన్ని క్లీనప్ అనడానికి నోరు రాదు.

మూడో ప్రశ్న ఫలం గురించి. కర్మయోగాన్ని తరచూ ఆశ లేని పనిగా చెబుతారు గానీ, ఆశ లేకపోవడం అజాగ్రత్తకు పర్యాయం కాదు. ఫలం తనది కానప్పుడు పని తీరే మనిషి చేతిలో మిగులుతుంది. కెర్నెల్‌లో దీనికి విరుద్ధమైన క్లీనప్ కూడా ఉంది. పాత కోడ్‌లో ఖాళీలు సరిదిద్దడం, పేర్లు మార్చడం వంటి ప్యాచ్‌లు కొన్ని కేవలం పేరు నమోదు కావడానికి వస్తాయి. ఎవరి భారమూ తగ్గించని ఈ మార్పులు కోడ్ చరిత్రను మసకబారుస్తాయి. ఒక పంక్తి ఎందుకు అలా ఉందో వెతికేవాడికి అసలు కారణానికి బదులు ఖాళీలు దిద్దినవాడి పేరు ఎదురవుతుంది. కోడ్ బాధ్యత చూసే మెయింటెయినర్లు ఇలాంటివాటిని తిప్పి పంపడం కాఠిన్యంలా కనిపిస్తుంది. అది పాలనలో భాగమే.

నిజమైన క్లీనప్‌కు మంచి నిదర్శనం కాలపు లెక్క. యూనిక్స్‌లో సమయాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లుగా లెక్కిస్తారు. ఆ అంకెను 32 బిట్లలో దాస్తే 2038 జనవరి 19 దాకానే సరిపోతుంది. ఆ తర్వాత రాసిన ఫైల్ 1901లో రాసినట్టు కనిపించవచ్చు. కెర్నెల్‌లో ప్రతి ఫైల్ వ్యవస్థా ఇప్పుడెంత సమయమని తనకు తోచిన రీతిలో అడిగేది. దీపా దినమణి 2016లో, 4.9 కెర్నెల్ కాలానికి, ఆ అడగడాన్నంతా ఒకే ఫంక్షన్ కిందికి తెచ్చింది. అప్పటికి దానివల్ల ఏ వాడుకరికీ ఏ తేడా లేదు. 2018లో వచ్చిన 4.18లో ఐనోడ్ సమయాలను 64 బిట్ల లెక్కకు మార్చగలిగారంటే, అడిగే చోట్లన్నీ అంతకుముందే ఒక దారికి వచ్చినందువల్లే. 2020లో 5.10లో ఎక్స్‌ఎఫ్ఎస్ అనే ఫైల్ వ్యవస్థ తన డిస్కు రూపంలోనే 2486 దాకా చోటు కల్పించుకుంది. 256 బైట్ల ఐనోడ్లు ఉన్న ఈఎక్స్‌టీ4 డిస్కులు 2446 దాకా లెక్క తప్పవు. ఆ తేదీలు వచ్చేనాటికి ఈ ప్యాచ్‌లు రాసినవారిలో ఒక్కరూ ఉండరు.

128 బైట్ల ఐనోడ్లతో తయారైన పాత డిస్కులకు మాత్రం కోడ్ ఎంత శుభ్రం చేసినా మేలు జరగదు. వాటిలో అదనపు బిట్లకు చోటే లేదు. చోటు చేయాలంటే డిస్కు రూపాన్నే మార్చాలి. అడగకుండా ఇంకొకరి డిస్కును తిరగరాసే అధికారం కెర్నెల్ తీసుకోలేదు. 2019లో వచ్చిన 5.4 నుంచి అలాంటి డిస్కును తగిలించినప్పుడు దీని సమయాలు 2038 దాకానే చెల్లుతాయని ఒక పంక్తి నమోదు చేసి, చదవడం, రాయడం ఎప్పటిలా సాగిస్తుంది. సరుకును నకలు తీసుకుని కొత్త రూపానికి మార్చుకోవడం, లేదా అలాగే ఉంచుకోవడం డిస్కు యజమాని నిర్ణయానికి వదిలేసింది.